చెప్పు కరిచినా తెలియని కాలికి ఏ చెప్పు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగరు ఉంది. కిరాణా కొట్టులో రోజంతా నిలబడే ఉంటారు. రెండేళ్ల క్రితం కుడికాలి బొటనవేలి కింద పుండు పడి, మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు అదే చోట మళ్లీ కాయ కాచింది. పోయిన నెల సంత నుంచి వస్తుంటే ఒక కాలి హవాయి చెప్పు ఎక్కడో జారిపోయింది. ఇంటికొచ్చాక గడప దగ్గర మేము చెప్పేదాకా ఆయనకు ఆ సంగతే తెలియదు. భయపడి ఖరీదైన స్పోర్ట్స్ షూ కొనిస్తే, ఒక పెళ్లికి వేసుకెళ్లి చిటికెనవేలి మీద బొబ్బతో తిరిగొచ్చారు. బొడిపెలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు వేసుకుంటే స్పర్శ తిరిగి వస్తుందని పక్కింటివాళ్లు అంటున్నారు. ఇంట్లో చెప్పులు వేసుకోవడానికి మా నాయనమ్మ ఒప్పుకోదు. ఇవన్నీ చాలవన్నట్టు ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటానని నాన్న పట్టుబడుతున్నారు. ఆయనకు ఎలాంటి చెప్పులు కొనాలి? మాల మాన్పించాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ జారిపోయిన చెప్పు సంగతి దగ్గర నేను ఆగిపోయాను. హవాయి చెప్పును కాలికి కట్టిపెట్టేది ఏమీ ఉండదు. బొటనవేలూ దాని పక్కవేలూ కలిసి బిగపట్టుకుంటేనే అది నిలుస్తుంది. స్పర్శ ఉన్న కాలి నుంచి చెప్పు జారితే మరుక్షణమే నేల తగులుతుంది, మనిషి ఆగి వెనక్కి చూస్తాడు. మీ నాన్నగారు ఆగకుండా ఇంటిదాకా నడిచి వచ్చారంటే అది మతిమరుపూ కాదు, పరధ్యానమూ కాదు. అరికాలి నుంచి కబురు మోసే నరాలు షుగరు వల్ల దెబ్బతిని, కాలిని కాపాడవలసిన స్పర్శ పోయిందని దానర్థం. దీన్ని నిర్ధారించడం పెద్ద పనేమీ కాదు. ఆయనను కళ్లు మూసుకోమని చెప్పి, 10 గ్రాముల ఒత్తిడికి వంగే ఒక నైలాను పోగును అరికాలి మీద నాలుగైదు చోట్ల తాకించి, ఎక్కడ తగిలిందో చెప్పమంటారు. దాంతోపాటు మీగాలి మీదా చీలమండ లోపలివైపూ నాడి పట్టుకుని పాదానికి రక్తం సరిగా అందుతోందో లేదో చూస్తారు. ఈ రెండూ తెలియకుండా చెప్పులు కొనడం చూపు పరీక్షించుకోకుండా కళ్లద్దాలు కొనడం లాంటిది.

చెప్పుల మాటకు ముందు ఒక తొందరపని ఉంది. బొటనవేలి కింద మళ్లీ కాచిన ఆ కాయను ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. పుండు మానిన చోట కాయ కాచిందంటే అక్కడ ఒత్తిడి ఇంకా పడుతూనే ఉందన్నమాట. పైగా ఆ గట్టిపడ్డ చర్మమే చెప్పులో ఇరుక్కున్న గులకరాయిలా లోపలి మెత్తని కండను అడుగడుగునా నొక్కుతుంది. కాయ పైకి ఎండుగా, పసుపురంగులో, మామూలుగానే కనిపిస్తుంది గానీ, చెక్కి చూస్తే కింద నెత్తురు గానీ చీము గానీ చేరి ఉండడం మాకు తరచూ కనిపించేదే. ఇంట్లో బ్లేడుతో గోకడం, మందుల షాపులో దొరికే ఆనెకాయల పట్టీ అంటించడం రెండూ వద్దు. ఆ పట్టీలో ఉండే ఆమ్లానికి కాయ ఏదో, మంచి చర్మం ఏదో తేడా తెలియదు. ఒకవేళ కింద పుండు తేలితే, అప్పుడు ఏ చెప్పు మంచిదన్న ప్రశ్నే ఉండదు. పుండు మానేదాకా ఆ చోట బరువు పడకుండా మోకాలి కింది వరకు ప్రత్యేకమైన కట్టు వేయడమే చికిత్స. పుండు రాకుండా కాపాడే చెప్పు వేరు, పడిన పుండును మాన్చే సాధనం వేరు. మంచి చెప్పులు వేసుకుంటున్నాం కదా అని పుండుతోనే తిరిగి, ఎముక దాకా చీము పట్టించుకుని వచ్చినవారు చాలామంది ఉన్నారు. ఒకసారి మానిన పాదపు పుండ్లలో సుమారు 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయి. అందుకే పుండు చరిత్ర ఉన్నవారిని అంతర్జాతీయ మార్గదర్శకాలు అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదమున్న వర్గంలో చేర్చి, నెల నుంచి మూడు నెలలకు ఒకసారి పాదాలు పరీక్షించాలని చెబుతాయి. మీ నాన్నగారు ఆ వర్గంలోని వారే.

ఇక చెప్పు కాలికి ఎలా కీడు చేస్తుందో తెలిస్తే, ఏది కొనాలో మీకే తెలుస్తుంది. ఈ విషయాన్ని మనకు విప్పి చెప్పింది షుగరు డాక్టర్లు కాదు, కుష్టువ్యాధి శస్త్రచికిత్స చేసినవారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జను, కుష్టువ్యాధి ఉన్నవారి వేళ్లూ పాదాలూ వాటంతటవి కుళ్లి రాలిపోవనీ, నొప్పి తెలియక పదేపదే తగిలే దెబ్బలే వాటిని తినేస్తున్నాయనీ గమనించాడు. 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్టువ్యాధి ఆసుపత్రికి వెళ్లాక అదే సంగతి షుగరు రోగుల పాదాలకూ వర్తిస్తుందని చూపించాడు. ఆయన చెప్పినదాని ప్రకారం గాయం మూడు దారుల్లో వస్తుంది. తుమ్మముల్లో మేకో ఒక్కసారిగా దిగడం మొదటిది. ఇది అందరికీ తెలిసినదే. రెండోది, బిగువైన బూటు చిటికెనవేలిని మెల్లగా, కానీ గంటల తరబడి నొక్కడం. ఆ నొక్కుడుకు చర్మంలోకి రక్తం రాక, ఆ మేరకు చర్మం చచ్చిపోతుంది. పెళ్లిలో మీ నాన్నగారికి జరిగింది ఇదే. మనకైతే అరగంటకే చెప్పు కరుస్తుంది, ఒక మూలకు పోయి విప్పేస్తాం. ఆయనకు చెప్పు కరిచినా తెలియదు కనుక భోజనాలయ్యేదాకా, అప్పగింతలయ్యేదాకా అలాగే ఉండిపోయారు. మూడోది అన్నిటికన్నా మోసకారిది. పెద్ద ఒత్తిడేమీ అక్కరలేదు. మామూలు నడక ఒత్తిడే ఒకే చోట రోజూ వేలసార్లు పడితే, ముందు ఆ చోట వేడెక్కుతుంది, తర్వాత వాస్తుంది, చివరకు లోపలి కండ చితికి పుండు బయటపడుతుంది. స్పర్శ ఉన్న మనిషి ఆ చోట మంట పుట్టగానే తనకు తెలియకుండానే కాస్త కుంటుతాడు, బరువు పక్కకు మారుస్తాడు. కుంటడం ఒక వరమని మనం ఎప్పుడూ అనుకోం. షుగరు వల్ల పాదంలోని చిన్న కండరాలు కూడా బలం తగ్గి వేళ్లు కొక్కేల్లా ముడుచుకుంటాయి, వేళ్ల మొదళ్లలోని ఎముకల తలలు కిందికి పొడుచుకు వస్తాయి, చెమట పట్టక చర్మం ఎండి పగులుతుంది. ఇలాంటి పాదానికి పాత చెప్పు సరిపోదు.

ఇప్పుడు ఖరీదైన ఆ షూ ఎందుకు బొబ్బలెక్కించిందో చూద్దాం. నిజానికి వేళ్లు వంకర తిరగని కాలికి మెత్తటి అట్టా, ముందుభాగంలో వెడల్పూ ఎత్తూ ఉన్న మంచి స్పోర్ట్స్ షూ చెడ్డదేమీ కాదు. తప్పు కొలతలో జరిగి ఉంటుంది. స్పర్శ తగ్గినవారు దుకాణంలో తరచూ ఒక సైజు తక్కువదే ఎంచుకుంటారు. సరైన సైజు వేస్తే కాలికి ఏమీ తగిలినట్టుండదు కనుక వదులుగా ఉందంటారు, నొక్కితేనే బాగా పట్టిందంటారు. మీ నాన్నగారు ‘ఇది సరిపోయింది’ అంటే ఆ మాటను నమ్మి బిల్లు కట్టకండి. ఈ కాలికి చెప్పు సరిపోయిందో లేదో చెప్పవలసింది కాలు కాదు, మీ కళ్లూ చేతులూ.

రేపు సాయంత్రం, రోజంతా నిలబడి పాదాలు కాస్త ఉబ్బిన వేళ, ఆయనను ఒక అట్టముక్క మీద నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీత గీయండి. కూర్చోబెట్టి గీయవద్దు, బరువు పడినప్పుడే పాదం పరుచుకుంటుంది. ఆ ఆకారాలను కత్తిరించి దుకాణానికి తీసుకెళ్లి చెప్పులో పరవండి. అట్ట అంచులు ఎక్కడైనా మడత పడితే, అదే చోట ఆయన వేళ్లు నలుగుతాయి. తర్వాత ఆయన చేత వేయించి, నిలబడ్డాక, అన్నిటికన్నా పొడుగైన వేలికీ చెప్పు కొసకూ మధ్య ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల చోటు ఉందో లేదో చూడండి. కొందరికి పొడుగైనది బొటనవేలు కాదు, దాని పక్కది. కొందరికి రెండు పాదాలూ ఒకే సైజులో ఉండవు. అలాంటప్పుడు పెద్ద పాదం కొలతే కొలత. వెడల్పు, వేళ్ల మొదళ్ల దగ్గర పాదం ఎంత ఉందో అంత ఉండాలి. వదులుగా ఉండాలి కదా అని మరీ పెద్దవి కొంటే పాదం లోపల జారి, ఆ ఒరిపిడికి మడమ దగ్గర తోలు లేచిపోతుంది.

హవాయి చెప్పులను ఇక మాన్పించేయండి. దాన్ని పట్టుకోవడానికి వేళ్లు నిరంతరం ముడుచుకునే ఉండాలి, వేళ్ల సందులో పట్టీ ఒరుసుకుంటుంది, అరిగిన అట్టలోంచి ముల్లు సులువుగా దిగుతుంది. ఉంగటం ఉన్న తోలుచెప్పులకూ ఇదే మాట. బొడిపెల చెప్పుల విషయంలో మీ పక్కింటివారి మంచి మనసును గౌరవిస్తూనే గట్టిగా చెబుతున్నాను: స్పర్శ పోయిన కాలికి వాటిని తొడగడమంటే, పుండు రాకుండా ఏ ఒత్తిడిని తప్పించాలని తాపత్రయపడుతున్నామో దాన్నే డబ్బిచ్చి కొని తెచ్చుకోవడం. చచ్చుబడిన నరం బొడిపెలతో పొడిస్తే మేలుకోదు. ఆ చెప్పులతో ఉదయం వాకింగుకు వెళ్లి, అరికాలినిండా ఎర్రటి చుక్కలతో మా ఓపీకి వచ్చి, ‘చూశారా, రక్తప్రసరణ ఎంత బాగా జరుగుతోందో’ అని నాకే చూపించిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆ చుక్కల్లో రెండు తర్వాత పుండ్లయ్యాయి.

మీ నాన్నగారికి నేను సూచించేది ఎంసీఆర్, అంటే మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు. సన్నటి గాలి గదులతో నిండిన మెత్తని రబ్బరు అది. కుష్టువ్యాధి ఉన్నవారి కోసం మన దేశంలో వాడకంలోకి వచ్చి, ఇప్పుడు షుగరు పాదాలకూ అంతే ఉపయోగపడుతోంది. కుష్టువ్యాధి నిర్మూలన కార్యక్రమంలో స్పర్శ పోయినవారికి వీటిని ఉచితంగా ఇస్తారు. వీటిలో పాదం ఆనే పై పొర మెత్తని ఎంసీఆర్, అడుగు పొర ముల్లు దిగని గట్టి రబ్బరు. పై పొర సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అసలైనదో కాదో తేల్చుకోవడానికి నేను చేసేదొక్కటే: అట్ట అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కితే దాదాపు సగానికి దిగాలి, వదలగానే మళ్లీ లేవాలి. నొక్కినా దిగకపోతే అది పేరుకే ఎంసీఆర్; దిగి లేవకపోతే దాని ఆయుష్షు అయిపోయినట్టు. ఆరు నెలలు వాడాక కాయ ఉన్న చోట అట్టలో గుంట పడిందేమో వేలితో తడిమి చూడండి, పడితే మార్పించండి. మడమ వెనక పట్టీ తప్పనిసరి. ముందు రెండు పట్టీలూ వాపును బట్టి వదులు చేసుకునేలా వెల్క్రోతో ఉండాలి. అట్టలను జిగురుతో అతికించాలి, పట్టీలు కుట్టాలి తప్ప ఎక్కడా మేకు కొట్టకూడదు. పట్టీ తెగితే వీధి మలుపులో చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లినా ఈ ఒక్కమాట ముందే చెప్పండి, ఎందుకంటే అతను అలవాటు కొద్దీ చిన్న మేకు దిగ్గొడతాడు. అదే బొటనవేలి కింద పదేపదే కాయ కాస్తున్నందున మెత్తదనం ఒక్కటే చాలకపోవచ్చు. వేళ్ల దగ్గర వంగకుండా పడవ అడుగులా ముందుకు ఒరిగే గట్టి అట్ట, ఆ కాయ ఉన్న చోట మాత్రం కాస్త తొలిచిన లోపలి పొర అవసరమవుతాయేమో కొలిచి చెప్పవలసింది కృత్రిమ అవయవాలూ పాదసాధనాలూ తయారుచేసే విభాగంవారు. పెద్ద ఆసుపత్రుల్లో, కుష్టువ్యాధి ఆసుపత్రుల్లో, పునరావాస కేంద్రాల్లో ఇలాంటి విభాగాలుంటాయి. ‘అవి కుష్టువాళ్ల చెప్పులు, నేను వేసుకోను’ అని మీ నాన్నగారు అనవచ్చు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. నల్లరంగు మూస చెప్పులే వేసుకోవాలని ఏమీ లేదు. గోధుమరంగు పట్టీలతో, బయటికి మామూలు శాండల్‌లా కనిపించేలా కుట్టమంటే కుట్టిస్తారు.

ఎంత మంచి చెప్పయినా గుమ్మం బయట ఉండిపోతే ఏం లాభం? ఇక్కడే మీ నాయనమ్మగారితో మాట్లాడవలసి వస్తుంది. 2013లో వెలువడిన ఒక డచ్చి అధ్యయనంలో, అరికాలి పుండు మానిన 171 మందికి కొలిచి చేయించిన బూట్లిచ్చి 18 నెలలు గమనించారు. వారిలో కొందరికి లోపలి ఒత్తిడిని యంత్రంతో కొలిచి మరింత సరిదిద్దిన బూట్లిచ్చారు. అందరినీ కలిపి చూస్తే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ తాము వేసే అడుగుల్లో కనీసం 80 శాతం ఆ బూట్లతోనే వేసినవారిని విడదీసి చూస్తే, మామూలు వర్గంలో సుమారు 48 శాతం మందికి పుండు తిరగబెట్టగా, సరిదిద్దిన బూట్లవారిలో అది 26 శాతమే. ఇలాంటి రోగులు బయటికి వెళ్లినప్పుడు బూట్లు బాగానే వేసుకుంటారనీ, రోజులో ఎక్కువ అడుగులు పడే ఇంట్లోనే విప్పేస్తారనీ కూడా ఆ పరిశోధకుల లెక్కల్లో తేలింది. ఇంట్లో చెప్పులేసుకుని తిరిగే దేశంలోనే అలా ఉంటే, గడప దాటగానే చెప్పు విడిచే మన ఇళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందుకని రెండు జతలు చేయించండి. రెండోది వీధి ముఖం చూడని జత. కొత్తదాన్ని నేరుగా ఇంట్లోకి తెచ్చి, నాయనమ్మ ఎదుటే కడిగి, ఇది ఇంటి వస్తువేనని చెప్పండి. మందుసీసా వంటింట్లో ఉండవచ్చు గదా, ఇదీ అలాంటిదే. పూజగదిలోకి మాత్రం విప్పి వెళ్లమనండి. మెత్తటి చాప మీద నాలుగడుగులకు వచ్చే నష్టం చాలా తక్కువ. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు వేసుకునేలా ఆ జత మంచం పక్కనే ఉండాలి.

ఇంకొక అలవాటు: వేసుకునే ప్రతిసారీ చెప్పును తలకిందులు చేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడమాలి. కిరాణా కొట్టు కాబట్టి చెబుతున్నాను. ఒకాయన బూటులో చింతగింజ పడితే దానిమీదే ఉదయం నుంచి చీకటి పడేదాకా నడిచారు. సాయంత్రం మేజోడు విప్పితే గింజ అంచులతో సహా అరికాలిలో అచ్చు పడి ఉంది. మేజోళ్లు లేతరంగువి, పైన బిగించే ఎలాస్టిక్ లేనివి, లోపల లావు కుట్టు లేనివి కొనండి. తెల్లదాని మీద నెత్తురు చుక్క గానీ చీము గానీ వెంటనే కనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు మీరో అమ్మగారో ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు చూసి, అరచేయి వెనకవైపుతో రెండు పాదాలనూ తాకి చూడండి. ఒక పాదంలో ఏదైనా చోటు రెండో పాదంలోని అదే చోటు కన్నా వేడిగా ఉంటే అక్కడ ఏదో మొదలైనట్టే. పాదమంతా ఎర్రబడి, వేడెక్కి, వాచి ఉండి, ఆయన మాత్రం నొప్పి లేదంటుంటే ఇంకొక అడుగు వేయనివ్వకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. లోపల ఎముకలు సడలి విరుగుతున్న స్థితి అది కావచ్చు.

ఇక మాల సంగతి. మండలం పాటు, అంటే 41 రోజులు, ఈ పాదాలతో చెప్పుల్లేకుండా నడవడానికి డాక్టరుగా నేను ఒప్పుకోలేను. ఉదయపు చలిలో పగిలిన మడమలతో గుడికి నడక, మధ్యాహ్నం కాలిన రోడ్డు, పడిపూజలకు ఊరంతా తిరగడం, చివరకు పంబ నుంచి సన్నిధానం దాకా సుమారు 5 కిలోమీటర్ల ఎక్కుడు. ఇందులో ఏ ఒక్కటైనా ఆ పాత పుండును తిరగదోడడానికి చాలు. అయితే ‘మాల వద్దు’ అని మీరు మొదలుపెడితే ఆయన పంతం పెరుగుతుంది తప్ప తగ్గదు. ఈ వయసులో మనిషి ఎందుకు మాల వేసుకోవాలనుకుంటాడో మీకూ తెలుసు. ఆయనను వెంటబెట్టుకుని గురుస్వామి దగ్గరికే వెళ్లి, జారిపోయిన చెప్పు సంగతి, నాలుగు నెలల పుండు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. మిగతా నియమాలన్నీ పాటిస్తూ, తోలు లేని చెప్పులు మాత్రం వేసుకునేందుకు అనుమతి అడగండి. ఎంసీఆర్ చెప్పుకు రెక్సిను పట్టీ గానీ కాన్వాసు పట్టీ గానీ వేయించవచ్చు, అందులో తోలు ముక్క ఉండనవసరం లేదు. నా దగ్గరికి వచ్చే స్వాముల్లో కొందరికి వారి గురుస్వాములు ఇలాగే సమ్మతించారు. ‘శరీరాన్ని పుండు చేసుకోవడం దీక్ష కాదు స్వామీ’ అని ఒక గురుస్వామి నా ముందే అన్నారు. ఒప్పుకోకపోతే ఈ ఏడు మాల వద్దనే నా మాట. ఒప్పుకుంటే, కొండ ఎక్కడానికి పంబలో డోలీ మాట్లాడండి. పదునెనిమిది మెట్ల దగ్గర చెప్పులు విడిచే ఆ కాసేపటి తర్వాత వెంటనే ఒకచోట కూర్చోబెట్టి అరికాళ్లు చూడండి. ఒంటిపూట భోజనానికి మాత్రలో ఇన్సులినో ఎలా సర్దుకోవాలో షుగరు డాక్టరును ముందే అడగాలి.

ఆ చెప్పులను మాల వేసుకునే వారం ముందు చేయిస్తే మాత్రం ఉపయోగం లేదు. కనీసం నెల ముందే కుట్టించండి. కొత్త జతను మొదటిరోజు అరగంట వేసి విప్పి చూడాలి. ఎక్కడైనా ఎర్రబడి, ఆ ఎరుపు మరో అరగంటకూ తగ్గకపోతే ఆ చోట సరిచేయించాలి. తగ్గితే మర్నాడు గంట, ఆ తర్వాత రెండు గంటలు, అలా పెంచుకుంటూ పోతే రెండు వారాలకు రోజంతా వేసుకునే స్థితి వస్తుంది. కార్తీకానికి ఎన్ని రోజులుందో క్యాలెండరు చూసి, ఈ వారం కాయ చూపించడానికి వెళ్లినప్పుడే చెప్పుల కొలతలూ ఇచ్చి రండి.